వాల్వు మారింది, గుండె ఇంకా కోలుకోలేదు

గుండెకు వాల్వు మార్చి ఇంటికి పంపారంటే గండం గడిచినట్టేనని మన ఊళ్లలో అందరూ అనుకుంటారు. కుట్లు విప్పిన రోజుతో లెక్క తీరిందని ప్రభుత్వమూ అనుకుంటుంది. ఆసుపత్రికి డబ్బు జమ అవుతుంది, ఫైలు మూసేస్తారు. రోగి గుండె లెక్క మాత్రం ఆ రోజే మొదలవుతుంది. చెడిన కవాటంతో ఏళ్ల తరబడి పెనుగులాడి సాగిపోయిన గుండె కండ, కొత్త వాల్వు పడగానే మామూలు స్థితికి రాదు. అందుకు ఆరు నెలలు పట్టొచ్చు, ఏడాది పట్టొచ్చు. కొందరికి పూర్తిగా రాకనే పోవచ్చు. ఆ ఏడాదిలో ఆయాసం తగ్గుతుందా, మళ్లీ కాళ్లకు నీరు దిగుతుందా, వాల్వు మీద రక్తం గడ్డకడుతుందా అన్నది తేలేది ఆపరేషన్ థియేటర్లో కాదు. కోసిగిలోనో, ఆలూరులోనో, రాయచోటి పక్క పల్లెలోనో ఉన్న ఇంట్లో, ఆ ఇంటికి దగ్గరలోని ఆరోగ్య కేంద్రంలో. కర్నూలు, కడప ప్రాంతాల పేదలకు వాల్వు ఆపరేషన్‌ను అందుబాటులోకి తేగలిగాం. ఆ తర్వాతి ఏడాదిని మాత్రం కుటుంబం నెత్తిన వేసి ఊరుకున్నాం. ఆ ఏడాది కూడా ఆపరేషన్‌లో భాగమేనని లెక్కగట్టి, దానికీ డబ్బు, మనుషులు, జవాబుదారీతనం కేటాయించాలన్నదే నేను చెప్పదలచుకున్నది.

సాధించింది తక్కువేమీ కాదు. ఒకప్పుడు రాయలసీమలో గుండె ఆపరేషన్ అంటే మద్రాసుకో వెల్లూరుకో రైలెక్కడం, దానికి ముందు ఉన్న రెండెకరాలు అమ్మడం. 1991 నవంబరు 22న పుట్టపర్తిలో శ్రీ సత్యసాయి ఉన్నత వైద్య సంస్థ తెరుచుకున్నాక, పైసా తీసుకోకుండా పేదవాడి గుండెకు ఆపరేషన్ చేయవచ్చని సీమ తన కళ్లతో చూసింది. తిరుపతిలో స్విమ్స్ వచ్చింది. పులివెందులలో వైద్యుడిగా పనిచేసిన వై.ఎస్.రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో ఆరోగ్యశ్రీ మొదలై, 2008 జూలై నాటికి రాష్ట్రమంతా పాకింది. ప్రభుత్వాలతో పాటు పేరు మారుతూ వచ్చింది, ఇప్పుడది ఎన్టీఆర్ వైద్యసేవ. పేరు ఏదైనా, రేషన్ కార్డున్న కూలీకి వాల్వు మార్పిడి హక్కుగా దక్కింది ఈ పథకంతోనే. కర్నూలు సర్వజన వైద్యశాలలో, జనం పెద్దాసుపత్రి అని పిలిచే చోటనే, ఇవాళ గుండె తెరిచి చేసే ఆపరేషన్లు జరుగుతున్నాయి. ఈ విజయాన్ని చిన్నది చేయాలని కాదు. మధ్యలో ఆగిపోయిందని చెప్పాలనే ఇదంతా.

ఎందుకు ఆగిపోయినట్టో తెలియాలంటే కవాటం చెడితే కండకు ఏమవుతుందో చూడాలి. ఎడమ వైపు పై గదికీ కింది గదికీ మధ్య ఉండే మైట్రల్ కవాటం సరిగా మూసుకోకపోతే, గుండె బిగిసిన ప్రతిసారీ కొంత రక్తం ఒంట్లోకి పోకుండా వెనక్కి, ఊపిరితిత్తుల వైపు కారుతుంది. అలా వెనక్కి తోయడం గుండెకు తేలిక. అందువల్ల ఎకో పరీక్షలో పంపింగ్ శాతం బాగున్నట్టే కనబడుతుంది, లోపల కండ మాత్రం నీరసిస్తూ ఉంటుంది. కొత్త వాల్వు వేశాక ఆ దొడ్డిదారి మూసుకుపోతుంది. ఇక ప్రతి బొట్టునూ ముందుకే తోయాలి. అప్పుడు బయటపడుతుంది కండలో అసలు సత్తువ ఎంత మిగిలిందో. ఆపరేషన్‌కు ముందు 60 అని రాసిన శాతం, తర్వాత 40కి దిగితే సర్జన్ చేయి తప్పిందని ఇంటివాళ్లు అనుకుంటారు. చాలాసార్లు అది దాగి ఉన్న జబ్బు బయటపడటమే. మైట్రల్ కవాటం ఇరుకైనవారిలో కథ వేరు. అక్కడ దెబ్బ తినేది ఊపిరితిత్తుల రక్తనాళాలు, గుండె కుడి భాగం. వాల్వు మార్చినా ఆ నాళాల ఒత్తిడి నెలల మీద తగ్గుతుంది, గుండె లయ తప్పి కొట్టుకోవడం చాలామందిలో పోనే పోదు. బృహద్ధమని కవాటం ఇరుకైనవారిలో అడ్డు తొలగగానే కండ తేరుకునే అవకాశం ఎక్కువ. మొత్తానికి ఎవరు ఎంత ఆలస్యంగా ఆపరేషన్‌కు వచ్చారన్నదే ఎవరు ఎంత కోలుకుంటారో చాలావరకు నిర్ణయిస్తుంది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం, రాత్రి పడుకుంటే ఊపిరి అందక లేచి కూర్చోవడం, పొట్ట ఉబ్బి కాళ్లు వాయడం, ఇవన్నీ వచ్చాక కానీ ఆసుపత్రికి పోని చోట, వాల్వు మార్పిడి తర్వాత గుండె వైఫల్యం మిగిలిపోవడం ఆశ్చర్యమేమీ కాదు.

ఈ రోగులు ఎవరో కూడా గుర్తుంచుకోవాలి. సంపన్న దేశాల్లో వాల్వు మార్పిడి అంటే డెబ్బై, ఎనభై ఏళ్ల వృద్ధుల వ్యవహారం. మన దగ్గర దానికి ఇప్పటికీ పెద్ద కారణం చిన్నప్పటి గొంతు నొప్పి. స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి వల్ల గొంతు పుండై, జ్వరం వచ్చి, కీళ్లు వాచి, అది తగ్గిపోయిందనుకుని మరిచిపోయాక, ఒళ్లు తన కవాటాలనే శత్రువులనుకుని కాటేస్తుంది. పదిహేనేళ్ల తర్వాత, పిల్లల తల్లి అయ్యాక ఆయాసం మొదలవుతుంది. భారత్, ఆఫ్రికా దేశాలు, యెమెన్ కలిపి 25 ఆసుపత్రుల్లో 3,343 మంది రుమాటిక్ గుండె రోగులను నమోదు చేసిన రెమెడీ అధ్యయనంలో సగం మంది 28 ఏళ్లలోపు వారే. మూడింట రెండు వంతులు స్త్రీలు. రెండేళ్లలో దాదాపు 17 శాతం మంది చనిపోయారు. మన జిల్లాలకు విడిగా ఇలాంటి పట్టిక ఉండాల్సింది. ఏటా ఇన్ని ఆపరేషన్లు చేశామని చెప్పుకునే వ్యవస్థ, వాళ్లలో ఎందరు బతికి పనికి పోతున్నారో చెప్పుకోకపోవడమే మొదటి లోపం.

రెండో లోపం రక్తం పలచబడే మాత్ర దగ్గరుంది. లోహపు వాల్వు వేసుకున్నవాళ్లు బతికున్నంతకాలం వార్ఫరిన్ గానీ, మన దగ్గర ఎక్కువగా రాసే ఎసిట్రోమ్ గానీ మింగాలి. మోతాదు తక్కువైతే వాల్వు మీద గడ్డ కట్టి అది బిగుసుకుపోతుంది, లేదా గడ్డ మెదడుకెక్కి పక్షవాతం వస్తుంది. ఎక్కువైతే తలలో, కడుపులో రక్తం కారుతుంది. ఈ రెంటి మధ్య సన్నని గట్టు మీద నడిపించేది ఐఎన్‌ఆర్ అనే రక్తపరీక్ష. బృహద్ధమని వాల్వు వాళ్లకు సాధారణంగా అది 2.5 చుట్టుపక్కల, మైట్రల్ వాల్వు వాళ్లకు 3 చుట్టుపక్కల ఉండాలి. మొదట్లో వారం వారం, తర్వాత కనీసం నెలకోసారి చూసి మోతాదు సరిచేయాలి. రెమెడీ అధ్యయనంలో ఈ మందు అవసరమైనవారిలో దాదాపు మూడింట రెండు వంతుల మందికే అది అందింది; వాడుతున్నవారిలోనూ సరైన ఐఎన్‌ఆర్ ఉన్నది నాలుగో వంతుకు కాస్త అటూ ఇటూగా. ఇప్పుడు దీన్ని మన నేల మీద పెట్టి చూడండి. కోసిగి నుంచి కర్నూలుకు దాదాపు వంద కిలోమీటర్లు. రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది, తోడు వచ్చినవాళ్ల కూలీ పోతుంది, రిపోర్టు సాయంత్రానికి గానీ చేతికి రాదు. ఇంతా చేసి డాక్టరు చెప్పేది ‘అర మాత్ర పెంచండి’ అన్న ఒక్క మాట. ఆ ఒక్క మాట కోసం నెల నెలా వెయ్యి రూపాయలు వదిలించుకునే కూలీ ఎవరు? మూడో నెలకు మానేస్తారు. పంటలు కోయగానే కోసిగి, మంత్రాలయం, ఆదోని వైపు పల్లెలు సుగ్గి వలసకు గుంటూరు మిరప చేలకు కదులుతాయి. ఇంట్లో వాళ్లంతా పోతుంటే వాల్వు మార్పించుకున్న ఆడమనిషిని ఎవరి దగ్గర వదిలిపోతారు? ఆమె కూడా పోతుంది, డాక్టరు చీటీ గోడకు వేలాడుతుంది. రాజంపేట, రాయచోటి నుంచి కువైట్‌కు పనికి పోయేవాళ్ల సంగతి మరీ దూరం.

చీటీ మీద ‘ఆకుకూరలు తినరాదు’ అని రాసి పంపే అలవాటు ఇంకొక చిక్కు. విటమిన్ కె ఎక్కువున్న తోటకూర, గోంగూర, మునగాకు ఈ మందు పనితనాన్ని తగ్గిస్తాయన్నది నిజమే. కానీ చేయాల్సింది పూర్తిగా మానడం కాదు, వారానికి ఎంత తింటారో అంతే తినడం, మోతాదును దానికి తగ్గట్టు అమర్చడం. పప్పులో ఆకుకూర లేకుండా గడవని చోట, నెల రోజులు బలవంతంగా మాని, శ్రావణం రాగానే ఒక్కసారిగా తింటే ఐఎన్‌ఆర్ కిందికి పడిపోతుంది. దీనికి తోడు ఊళ్లో ఒంటి నొప్పులకు ఆర్‌ఎంపీ దగ్గర పొడిపించుకునే డైక్లోఫెనాక్ సూది. అది ఈ మందుతో కలిస్తే రక్తస్రావం, సూది పొడిచిన చోట కండలో రక్తపు గడ్డ. పైగా ఒంట్లో ఉప్పు, నీరు నిలిపి గుండె వైఫల్యాన్ని మళ్లీ రాజేస్తుంది. జ్వరం వస్తే మరో ప్రమాదం. కృత్రిమ వాల్వు ఉన్నవాళ్లకు కారణం తెలియని జ్వరం వస్తే, యాంటీబయాటిక్ పడకముందే రక్తాన్ని కల్చర్‌కు తీయాలి. వాల్వుకు పుండు పట్టిందేమో తెలిసేది దానితోనే. రెండు రోజులు యాంటీబయాటిక్ వాడేశాక ఆ ఆనవాలు చెరిగిపోతుంది. గర్భం రావాలనుకునే స్త్రీకి ఈ మాత్ర ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బిడ్డకు ప్రమాదమని, ముందే వైద్యుల సలహాతో ఏర్పాటు చేసుకోవాలని చెప్పేవాళ్లుండాలి. ఇరవై ఎనిమిదేళ్ల రోగులున్న జబ్బులో ఇది పక్కన పెట్టదగ్గ సంగతి కాదు.

గుండె వైఫల్యం మందుల సంగతికి వస్తే, అక్కడ ఆలస్యం ఇంకా ఎక్కువ. వాల్వు వేశాక కండ బలహీనంగానే మిగిలిందని తేలితే నీరు తీసే మాత్ర ఒక్కటే చాలదు. కండను తేరుకోనిచ్చే మందులను చిన్న మోతాదుతో మొదలుపెట్టి, బీపీ, మూత్రపిండాల పనితీరు, పొటాషియం చూసుకుంటూ రెండు మూడు వారాలకోసారి పెంచుకుంటూ పోవాలి. 14 దేశాల్లో 1,078 మంది మీద జరిగి 2022లో వెలువడిన స్ట్రాంగ్-హెచ్ఎఫ్ అధ్యయనం దీన్ని సూటిగా తేల్చింది. ఆసుపత్రి నుంచి పంపాక రెండు నెలల్లో నాలుగైదు సార్లు పిలిచి చూసి, మోతాదులు త్వరగా పెంచినవారిలో ఆరు నెలల్లో మరణం లేదా మళ్లీ ఆసుపత్రిలో చేరడం 15.2 శాతం, మామూలుగా వదిలేసినవారిలో 23.3 శాతం. ఇందులో వాడినవి కొత్త మందులేమీ కావు. కొత్తదల్లా, పిలిచి చూడటమే. వాల్వు మార్చినవారిలోనే చూడాలంటే స్పెయిన్‌లో 1,200 మందికి పైగా రోగుల మీద జరిగి 2025లో ప్రచురితమైన డాపా-టావి అధ్యయనం ఉంది. బృహద్ధమని వాల్వును రక్తనాళం గుండా మార్పించుకున్నవారికి డాపాగ్లిఫ్లోజిన్ ఇస్తే, ఏడాదిలో మరణం లేదా గుండె వైఫల్యం ముదరడం 20.1 నుంచి 15 శాతానికి తగ్గింది. వాళ్లు ఎనభై దాటిన వృద్ధులు, మన రోగుల లాంటివాళ్లు కాదు, కాబట్టి ఆ లెక్కను యథాతథంగా ఇక్కడికి తేలేం. అయినా అందులో ఒక మాట అందరికీ వర్తిస్తుంది: అంత ఏర్పాట్లున్న దేశంలో, వాల్వు చక్కగా అమరిన తర్వాత కూడా, ఈ మందు లేని వర్గంలో అయిదుగురిలో ఒకరు ఏడాది తిరిగేలోపు మళ్లీ ప్రమాదంలో పడ్డారు. డాపాగ్లిఫ్లోజిన్ మీద పేటెంటు 2020లో ముగిశాక మన దేశంలో ఎన్నో కంపెనీలు దాన్ని చవగ్గా చేస్తున్నాయి. మందు ఖరీదు అడ్డు కాదు. రాసి, చూసి, మోతాదు సరిచేసే మనిషి దగ్గర్లో లేకపోవడమే అడ్డు.

ఇక్కడ సీమ ఎండ గురించి చెప్పకపోతే వాదన సగమే అవుతుంది. కర్నూలు, నంద్యాల, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. రోజుకు లీటరున్నర నీళ్లకు మించి తాగొద్దని చీటీలో రాసి, నీరు తీసే మాత్ర రెండు పూటలా వేసుకోమని పంపితే, జనవరిలో అది సరైన సలహా కావచ్చు. మే నెలలో, రేకుల కొట్టంలో ఉండే మనిషికి అదే సలహా బీపీని కిందికి తోసి, మూత్రపిండాలను దెబ్బ తీయొచ్చు. నీళ్లు ఇంతకు మించి తాగరాదన్న కట్టడి స్థిరంగా ఉన్న రోగులకు నిజంగా అవసరమా అని నెదర్లాండ్స్‌లో 504 మంది మీద పరిశీలించిన ఫ్రెష్-అప్ అధ్యయనం 2025లో వచ్చింది. కట్టడి పెట్టినందువల్ల చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. దప్పిక బాధ మాత్రం పెరిగింది. చల్లని దేశంలోనే సంగతి ఇలా ఉంటే, మనం ఎండాకాలానికి వేరే సలహా చీటీ రాసుకోవాలా వద్దా? అంటే ఎవరైనా ఎంతైనా తాగొచ్చని కాదు. రోజూ పొద్దున మూత్రానికి పోయొచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసుకుని, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే నీరు పడుతోందని, బరువు పడిపోయి కళ్లు తిరుగుతుంటే మాత్ర ఎక్కువైందని గుర్తించి, వెంటనే అడిగే చోటు ఉండాలి. తిండి సలహా కూడా మన తిండి తెలిసినవాళ్లే రాయాలి. రాగి సంగటిలో, జొన్న రొట్టెలో ఉప్పు దాదాపు ఉండదు; ఉప్పంతా పక్కనుండే ఊరగాయలో, ఊరమిరపకాయల్లో, చెనక్కాయ చట్నీలో ఉంటుంది. సంగటి మాని ఇడ్లీ తినమనడం కంటే, సంగటి తిని ఊరగాయ మానమనడం మంచి వైద్యం.

పని విషయంలో మన ఇళ్లలో రెండు తప్పులూ జరుగుతాయి. మగవాణ్ని మంచం దిగనివ్వరు, ఆడదాన్ని మంచం ఎక్కనివ్వరు. కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. అందాకా అయిదు కిలోలకు మించి ఎత్తొద్దంటారు. బిందెడు నీళ్లు అంతకు రెట్టింపు పైమాటే. కొళాయి రెండ్రోజులకోసారి వచ్చే ఊళ్లో, ఇంట్లో నీళ్లు మోసేది ఆమే అయినప్పుడు, ఈ సలహా ఎవరికి చెప్పాలి? ఆమెకు కాదు, ఇంట్లో మగవాళ్లకు. మంచానికే పరిమితం చేయడమూ అంతే హాని. రోజూ కొంచెం కొంచెం పెంచుతూ నడిచే క్రమబద్ధమైన వ్యాయామం వాల్వు ఆపరేషన్ అయినవారి శక్తిని పెంచుతుందని డెన్మార్క్‌లో జరిగిన కోపెన్‌హార్ట్ అధ్యయనం చూపింది. దానికి జిమ్‌లు అక్కర్లేదు. గుండెపోటు వచ్చిన దాదాపు నాలుగు వేల మందికి మన దేశంలోనే 24 ఆసుపత్రుల్లో యోగాతో పునరావాసం నేర్పిన ప్రయోగంలో, వాళ్లు పూర్వపు పనులకు త్వరగా తిరిగి వచ్చారు, తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువమంది చెప్పారు. వాళ్లు వాల్వు రోగులు కాకపోయినా, బడి మైదానంలో, వేపచెట్టు కింద పునరావాసం నేర్పవచ్చునని ఇది చెబుతుంది. పనికి పోలేని నెలలకు కూలి ఎవరిస్తారన్న ప్రశ్నకు ఈ రాష్ట్రంలో ఒకసారి జవాబు దొరికింది కూడా. 2019 డిసెంబరులో మొదలైన ఆరోగ్య ఆసరా కింద ఆపరేషన్ అయినవారికి విశ్రాంతి కాలంలో రోజుకు 225 రూపాయల చొప్పున, నెలకు 5,000 మించకుండా ఇవ్వాలని నిర్ణయించారు. ఏ పార్టీ ఆలోచన అన్నది పక్కన పెట్టి, వాల్వు రోగులకు దాన్ని మూడు నెలలపాటు, ఐఎన్‌ఆర్ పరీక్షకు వచ్చినప్పుడల్లా ఒక వాయిదా చేతికి అందేలా ముడిపెడితే, ఆ డబ్బే పరీక్షకు బస్సు చార్జీ కూడా అవుతుంది.

కాబట్టి కావలసింది కొత్త భవనం కాదు. ఈ పథకంలోనే కొన్ని ఆపరేషన్లకు డిశ్చార్జి తర్వాత ఏడాదిపాటు పరీక్షలు, మందులు ఇచ్చే ప్యాకేజీ ఉంది. దాని బలహీనత ఒక్కటే: ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే రోగి తిరిగి పోవాలి. ఆ డబ్బును రోగి వెంట పంపాలి. వేలి కొనను గుచ్చి ఒక్క చుక్కతో నిమిషంలో ఐఎన్‌ఆర్ చెప్పే చిన్న యంత్రాన్ని ఆదోని, ఎమ్మిగనూరు, ఆళ్లగడ్డ, ప్రొద్దుటూరు, రాజంపేట లాంటి చోట్ల ప్రభుత్వ ఆసుపత్రుల్లో మొదలుపెట్టి, మండల ఆరోగ్య కేంద్రాలకు పంచాలి. అక్కడి నర్సు ఐఎన్‌ఆర్, బీపీ, బరువు, కాళ్ల వాపు చూసి ఫోనులో కర్నూలు, కడప పెద్దాసుపత్రుల గుండె వైద్యుడికి చెబితే, మోతాదు అక్కడికక్కడే మారుతుంది. సుగ్గికి పోయేవాళ్ల వివరాలను పోయే చోటి ఆరోగ్య కేంద్రానికి పంపాలి. తెలుగులో రాసిన ఒక్క పుస్తకం రోగి చేతిలో ఉండాలి: ఏ వాల్వు, ఐఎన్‌ఆర్ ఎంత ఉండాలి, ఏ మందు, ఏ సూది పొడిపించుకోకూడదు.

‘ఇళ్ల దగ్గర వీళ్లను చూసుకోవాల్సిన ఆశా కార్యకర్తలు ఇప్పటికే పని భారంతో నలిగిపోతున్నారు, వాళ్లకు గుండె వైఫల్యం ఏం తెలుసు’ అన్న అభ్యంతరంలో న్యాయం ఉంది. అదనపు పనికి అదనపు డబ్బు ఇవ్వకుండా ఇది అడగడం తప్పు. కానీ తెలియదన్న మాట మాత్రం నిలవదు. మన దేశంలోనే 14 ఆసుపత్రుల్లో గుండెపోటు వచ్చిన 806 మందిని ఏడాదిపాటు శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలకు అప్పగించి చూశారు. వాళ్లు వెంటపడి చూసినవారిలో 97 శాతం మంది మందులు సరిగా వాడారు, మామూలు పద్ధతిలో 92 శాతం. డాక్టరు చేయాల్సిన పని వాళ్లను చేయమనడం లేదు. బరువు రాయడం, మాత్రల పట్టీ లెక్కచూడడం, నీరు పడుతోందని ముందే పసిగట్టి ఫోను చేయడం, ఇంతే. ‘రోగులే రారు, పిలిచినా రారు’ అని కొందరు వైద్యులు విసుగుతో అంటారు. వంద కిలోమీటర్ల దూరంలో కూర్చుని రమ్మనడం పిలవడం కాదు. దూరం తగ్గించి చూసి, అప్పుడు కూడా రాకపోతే నింద వేయవచ్చు. ఖర్చు సంగతికి వస్తే, గడ్డ కట్టిన వాల్వుకు రెండోసారి ఆపరేషన్, పక్షవాతంతో పడిపోయిన ముప్పై ఏళ్ల మనిషి, తల్లి లేని పిల్లలు, ఇవేవీ ఖర్చు కాదా? తొలి ఆపరేషన్‌కు లక్షలు పెట్టి, దాన్ని కాపాడే చుక్క రక్తం దగ్గర పొదుపు చేయడం పొదుపు అనిపించుకోదు.

‘అసలు లోహపు వాల్వు ఎందుకు, జంతు కణజాలపు వాల్వు వేస్తే ఈ మాత్ర బాధే ఉండదు కదా’ అని అడగవచ్చు. వృద్ధులకు అది సరైన దారి. ఇరవై, ముప్పై ఏళ్లవారిలో ఆ వాల్వు త్వరగా అరిగిపోతుంది. రెండో ఆపరేషన్, అది మొదటిదానికంటే ప్రమాదం. పిల్లలు కావాలనుకునే స్త్రీ తెలిసి ఎంచుకుంటే అది ఆమె నిర్ణయం, అందరికీ విధానం కాలేదు. కొత్తరకం రక్తం పలచబడే మందులతో పరీక్షల బెడద తప్పుతుందన్న ఆశ కూడా తీరలేదు. లోహపు వాల్వు వాళ్లలో డాబిగాట్రాన్ ప్రయోగాన్ని ప్రమాదం వల్ల మధ్యలోనే ఆపారు, ఆ ఫలితాలు 2013లో వచ్చాయి. ఒకరకం లోహపు వాల్వుతో అపిక్సబాన్ ప్రయోగాన్ని 2022లో ఆపేశారు. రుమాటిక్ జబ్బుతో గుండె లయ తప్పినవారిలో, లోహపు వాల్వు లేనివారిలో సైతం, రివరోక్సబాన్ కంటే పాత మాత్రలే ప్రాణం కాపాడాయని నాలుగున్నర వేల మంది మీద జరిగిన ఇన్విక్టస్ అధ్యయనం అదే ఏడాది చెప్పింది. అంటే ఐఎన్‌ఆర్‌ను తప్పించుకునే దారి లేదు. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో ఎం.ఎస్.వలియతన్ నాయకత్వాన మన శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు ఏళ్ల తరబడి శ్రమించి, విఫలమై, మళ్లీ చేసి, 1990 డిసెంబరులో తొలిసారి ఒక రోగికి అమర్చిన చిత్ర వాల్వు దిగుమతి వాల్వుల ధరలో కొంత వంతుకే పేదలకు అందింది. గుండెలో రోజుకు లక్ష సార్లు తెరుచుకుని మూసుకునే యంత్రాన్ని స్వయంగా తయారుచేసుకున్న దేశానికి, ఆదోనిలో వేలికొన పరీక్ష చేయడం ఎందుకు కష్టమవ్వాలి?

వచ్చాక చికిత్స కంటే రాకుండా చూడటం మీద డబ్బు పెట్టమనేవారి మాటలో సత్యం ఉంది, విరోధం మాత్రం లేదు. నాలుగు వారాలకోసారి బెంజథీన్ పెన్సిలిన్ ఇవ్వడం ద్వారా తొలిదశ రుమాటిక్ జబ్బు ముదరకుండా ఆపవచ్చని ఉగాండా పిల్లల మీద జరిగిన గోల్ అధ్యయనం 2022లో చూపింది. రెండేళ్లలో జబ్బు ముదిరినవారు సూది పడినవారిలో 0.8 శాతం, పడనివారిలో 8.2 శాతం. బడి పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం జాబితాలో రుమాటిక్ గుండె జబ్బు ఉంది. వాల్వు మార్చినవారికి కూడా, జబ్బు మళ్లీ తిరగబడకుండా ఆ పెన్సిలిన్‌నే ఏళ్ల తరబడి కొనసాగించాలి. గుండె బాగా నీరసించినవారికి సూది బదులు మాత్ర మేలా అన్నది వైద్యుడు తేల్చాలి. కాబట్టి ఊరి దగ్గర పెన్సిలిన్ అందించే నర్సూ, ఐఎన్‌ఆర్ చూసే నర్సూ ఒక్కరే. నివారణకు వేసే దారి మీదనే కోలుకునేవాళ్లూ నడుస్తారు.

ఎన్టీఆర్ వైద్యసేవ ట్రస్టు వచ్చే నివేదికలో కర్నూలు, నంద్యాల, కడప, అన్నమయ్య జిల్లాల వాల్వు రోగుల గురించి రెండే అంకెలు చేర్చాలి: ఆపరేషన్ అయిన ఏడాదికి ఎందరు బతికి ఉన్నారు, ఎందరి ఐఎన్‌ఆర్ సరైన హద్దులో ఉంది. ఆ అంకెలు లేకుండా ఎన్ని ఆపరేషన్లు చేశామన్నది చెప్పినా సగం లెక్కే. ప్రభుత్వం ఆ పని చేసేదాకా ఆగకండి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో వాల్వు మార్పించుకున్నవారుంటే ఇవాళే వాళ్ల ఫైలు తెరిచి చివరి ఐఎన్‌ఆర్ తేదీ చూడండి. నెల దాటి ఉంటే, ఈ వారమే మీరు తోడుగా వెళ్లి పరీక్ష చేయించండి.